నూనె బొట్టుకు తోడు వేసిందెవరు? ఎమల్షన్ అంచున స్ఫటికం పుట్టడాన్ని పట్టుకునే పద్ధతి

చలికాలం రాగానే హన్మకొండ, వరంగల్ నుంచే కాదు, కరీంనగర్, ఆదిలాబాద్ నుంచి కూడా డిగ్రీ, పీజీ పిల్లలు అడిగే ప్రశ్న ఒకటే. "సార్, సీసాలో కొబ్బరి నూనె గడ్డ కట్టింది. అదే నూనెను నీళ్లలో చిన్న చిన్న బొట్లుగా చెదరగొట్టి చేసిన ఎమల్షన్‌ను ఫ్రిజ్‌లో పెడితే లోపలి బొట్లు ఇంకా ద్రవంగానే ఉన్నాయి. దీన్ని ప్రాజెక్టుగా ఎలా చేయాలి?" ఒక్కొక్కరికి విడిగా చెప్పే ఓపిక అయిపోయింది. అందుకే మొత్తం ఇక్కడ రాస్తున్నా.

ముందు ఒక్క మాట అర్థమైతే మిగతా పని సులువు. గిన్నెడు పాలలో ఒక్క చుక్క తోడు పడితే గిన్నె మొత్తం తోడుకుంటుంది. అవే పాలను వెయ్యి చిన్న గిన్నెల్లో పోసి, ఒక్కదాంట్లోనే తోడు వేస్తే ఆ ఒక్క గిన్నెలోనే పెరుగవుతుంది. మిగతావి పాలుగానే ఉంటాయి. నూనె కథ కూడా ఇదే. 1 మి.లీ. నూనెను 10 మైక్రాన్ల (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) బొట్లుగా విడగొడితే సుమారు 190 కోట్ల బొట్లవుతాయి. నూనెలో వెయ్యి దుమ్ము నలుసులు ఉన్నాయనుకున్నా, అవి మహా అయితే వెయ్యి బొట్లకే తోడు వేయగలవు. మిగతా బొట్లకు స్ఫటిక బీజం, అంటే స్ఫటికం మొదలయ్యే తొలి తునక, పడటానికి చోటు దొరకదు. అవి కరిగే ఉష్ణోగ్రత కంటే ఎంతో కిందికి చల్లబడినా ద్రవంగానే ఉంటాయి. దీన్నే అతిశీతలీకరణ అంటాం.

అయితే ప్రతి బొట్టుకూ నీటిని తాకే ఒక అంచు ఉంటుంది. ఆ అంచున ఎమల్సిఫయర్ (నూనె, నీళ్లు విడిపోకుండా పట్టి ఉంచే పదార్థం) అణువులు తోకలను నూనెలోకి పెట్టి వరుసగా నిలబడి ఉంటాయి. ఆ తోకలు ముందుగా బిగుసుకుంటే అవే తోడవుతాయి. మనం పట్టుకోవాల్సింది దీన్నే. పని మొత్తం అంచును నిందించే ముందు మిగతా అనుమానితులను ఒక్కొక్కరిగా పక్కకు తప్పించడమే.

## 1. ఎప్పుడు, ఎక్కడ చేయాలి

డిసెంబరు, జనవరి నెలల్లో పొద్దున పెట్టుకోండి. గది 22 డిగ్రీల లోపు ఉండాలి. కొబ్బరి నూనె 24–25 డిగ్రీల దగ్గర కరుగుతుంది. మే నెలలో బయట 42 ఉన్నప్పుడు స్లైడు మీద వేసిన బొట్టులోని స్ఫటికం మీరు ఫోకస్ చేసేలోపే కరిగిపోతుంది. అప్పుడే చేయాలంటే ఏసీ గది తప్పదు.

వానాకాలం ఇంకో తలనొప్పి. చల్లటి స్లైడు మీద గాలిలోని తేమ మంచులా పేరుకుని ఏమీ కనపడదు.

## 2. సామాన్లు

– రిఫైన్డ్ కొబ్బరి నూనె, 50 మి.లీ. తలకు రాసుకునే సువాసన నూనెలు వద్దు. వాటిలో వేరే నూనెలు కలిసి ఉండొచ్చు. కొబ్బరి పాల నుంచి తీసిన పచ్చి నూనె కూడా వద్దు, అందులో ప్రొటీన్ నలుసులుంటాయి.
– ట్వీన్ 20, ట్వీన్ 60, ట్వీన్ 80. ఇవే మన ఎమల్సిఫయర్లు. కెమిస్ట్రీ ల్యాబుకు సరుకు వేసే ఏ షాపులో అడిగినా తెప్పిస్తారు.
– డిస్టిల్డ్ వాటర్. బోరు నీళ్లు వద్దు.
– 10 మి.లీ. సిరంజిలు, త్రీ వే కనెక్టర్లు. సెలైన్ పెట్టేటప్పుడు వాడేవే ఇవి. వరంగల్ ఎంజీఎం ఆసుపత్రి చుట్టుపక్కల మందుల షాపుల్లో ఎక్కడైనా ఉంటాయి.
– 10, 40 రెట్ల ఆబ్జెక్టివ్‌లున్న మైక్రోస్కోపు.
– రెండు పోలరాయిడ్ ఫిల్ము ముక్కలు. కెమెరా ఫిల్ము కాదు, కాంతిని ఒకే దిశలో కంపించేలా వడకట్టేవి.
– గాజు స్లైడులు, గాజు కవర్ స్లిప్పులు. ప్లాస్టిక్‌వి పనికిరావు.
– సన్నని పరీక్ష నాళికలు, 2 థర్మామీటర్లు, లీటరు పట్టే స్టీలు గిన్నె, ఐసు, వడపోత కాగితం.

సిరంజిలో చిన్న మోసం ఉంది. లోపల రబ్బరు సులువుగా జారడానికి సిలికోన్ నూనె రాస్తారు. అది మన నూనెలో కలుస్తుంది. రబ్బరు లేని సిరంజిలు దొరికితే మంచిదే. దొరక్కపోతే గోరువెచ్చని సబ్బు నీళ్లతో రెండుసార్లు, డిస్టిల్డ్ వాటర్‌తో మూడుసార్లు కడిగి ఆరబెట్టండి.

## 3. ముందురోజు చేసి పెట్టుకోవాల్సినవి

థర్మామీటర్లను సరిచూడండి. నలగ్గొట్టిన ఐసును నీళ్లలో వేసి బాగా కలిపి, 5 నిమిషాల తర్వాత చూస్తే సున్నా చూపాలి. 1.5 చూపిస్తే ఆ తేడాను పుస్తకంలో రాసుకుని ప్రతి అంకెలోంచి తీసేయండి. డిజిటల్ థర్మామీటర్ మీద దశాంశ అంకె కనిపిస్తోంది కదా అని అది అంత కచ్చితమని నమ్మకండి.

నూనెను 60 డిగ్రీలకు వేడి చేసి, వేడిగా ఉండగానే వడపోత కాగితంలోంచి పోయండి. దుమ్ము అనే మొదటి అనుమానితుడు ఇక్కడ చాలావరకు పోతాడు.

ఎమల్సిఫయర్ నీళ్లు విడివిడిగా తయారు చేయండి. 98 గ్రాముల నీటికి 2 గ్రాముల ట్వీన్. ట్వీన్ 20 తేనెలా జారుతుంది. ట్వీన్ 60 చల్లగా ఉంటే మైనంలా ముద్దగా ఉంటుంది, గోరువెచ్చని నీళ్లలో నిదానంగా కరిగించాలి. గబగబా కలిపితే నురుగు వచ్చి సగం రోజు పోతుంది.

పోలరాయిడ్ ముక్కల్లో ఒకటి లైటు మీద, రెండోది ఐపీస్ మీద పెట్టి, పైదాన్ని మెల్లగా తిప్పండి. ఖాళీ స్లైడు పెట్టినప్పుడు మొత్తం నల్లగా అయ్యే చోట టేపు వేసి గుర్తు పెట్టండి. ఇక్కడినుంచి నియమం సులువు: ద్రవం చీకటి, స్ఫటికం వెలుగు.

## 4. ఎమల్షన్ చేయడం

1. నూనెనూ ట్వీన్ నీళ్లనూ 60 డిగ్రీల దగ్గర 15 నిమిషాలు ఉంచండి. కంటికి కనపడని స్ఫటికపు తునకలు మిగిలినా అవే రేపు తోడవుతాయి. 30 డిగ్రీలకు తెచ్చి "కరిగింది కదా" అనుకోవడం ఈ ప్రయోగంలో అందరూ చేసే తప్పు.

2. ఒక సిరంజిలోకి 2 మి.లీ. నూనె, ఇంకోదాంట్లోకి 8 మి.లీ. ట్వీన్ నీళ్లు తీసుకోండి. గాలి బుడగలు లేకుండా త్రీ వేకు రెండువైపులా బిగించండి. మూడో నోరు మూసేయండి.

3. ఇటునుంచి అటు, అటునుంచి ఇటు 40 సార్లు నెట్టండి. వేగం ఒకేలా ఉండాలి. మధ్యలో చల్లారితే సిరంజిలను అలాగే వేడి నీళ్లలో ముంచి కొనసాగించండి. కనెక్టర్ ఊడితే వేడి నూనె మొహం మీదికి చిమ్ముతుంది. కళ్లద్దాలు పెట్టుకోండి.

4. ఒక చుక్క తీసి, అదే ట్వీన్ నీళ్ల 10 చుక్కల్లో కలిపి మైక్రోస్కోపులో చూడండి. ఎక్కువ బొట్లు 5 నుంచి 20 మైక్రాన్ల మధ్య ఉంటే బాగుంది. పెద్దవి ఎక్కువగా ఉంటే ఇంకో 20 సార్లు నెట్టండి. 2 మైక్రాన్ల కంటే చిన్నవైతే లోపలి స్ఫటికాన్ని ఈ మైక్రోస్కోపుతో చూడలేం.

మిక్సీలో తిప్పొచ్చా అని చాలామంది అడిగారు. తిప్పొచ్చు, కానీ నురుగు బాగా వస్తుంది. గాలి బుడగ కూడా ఒక అంచే. మన లెక్కలోకి కొత్త అనుమానితుడిని మనమే పిలిచినట్టవుతుంది.

పలచన చేయడానికి ఉత్త నీళ్లు వాడొద్దు. అంచు మీద ఉన్న ట్వీన్ కొంత నీళ్లలోకి వచ్చేస్తుంది. మనం కొలవాలనుకున్నదాన్నే మార్చేసినట్టు.

## 5. నాలుగు నాళికలు

పోల్చడానికి ఏమీ లేకుండా ఒకే ఎమల్షన్ చేసి ఫలితం రాసేస్తే ఆ ప్రాజెక్టు నిలబడదు. కనీసం ఇవి ఉండాలి:

– మొదటి నాళిక: ఉత్త నూనె. ఎమల్షన్ కాదు.
– రెండోది: ట్వీన్ 20 ఎమల్షన్. తోక 12 కార్బన్లది, పొట్టిది.
– మూడోది: ట్వీన్ 60 ఎమల్షన్. తోక ప్రధానంగా 18 కార్బన్లది, నిటారుగా ఉంటుంది.
– నాలుగోది: ట్వీన్ 80 ఎమల్షన్. ఇదీ 18 కార్బన్లదే, కాని మధ్యలో ద్విబంధం వల్ల వంగి ఉంటుంది.

మూడు, నాలుగు నాళికలను పోల్చడమే దీనిలో అసలు సంగతి. తోకల పొడవు ఒకటే, ఆకారం వేరు. నిటారు తోకలు దగ్గరగా సర్దుకుని త్వరగా బిగుసుకుంటాయి. వంగిన తోకలు అంత సులువుగా సర్దుకోవు. బీజం అంచున పడుతుంటే ట్వీన్ 60 నాళికలో మెరుపులు ముందుగా, అంటే ఎక్కువ ఉష్ణోగ్రత దగ్గరే కనిపించే అవకాశం ఎక్కువ. బీజం దుమ్ము వల్లే పడుతుంటే మూడు ఎమల్షన్లూ దాదాపు ఒకేలా ప్రవర్తించాలి.

ఒక షరతు ఉంది. మూడింటిలోనూ బొట్ల సైజు దాదాపు ఒకటే ఉండాలి. లేకపోతే తేడా తోక వల్ల వచ్చిందో సైజు వల్ల వచ్చిందో చెప్పలేం.

## 6. చల్లార్చే వరుస

1. నాళికలన్నింటినీ 60 డిగ్రీల నీళ్లలో 10 నిమిషాలు ఉంచండి. ప్రతి రోజు, ప్రతి విడతకు ముందు ఇది తప్పనిసరి.

2. ఒక థర్మామీటర్ గిన్నె నీళ్లలో, రెండోది ఎమల్షన్ నింపిన మరో నాళికలో పెట్టండి. రాయాల్సింది నాళికలోని అంకె.

దీని గురించి నా అనుభవం చెప్పాలి. మొదటిసారి చేసినప్పుడు గిన్నెలోని థర్మామీటర్ ఒక్కటే చూసుకుంటూ పోయాను. ఫలితం అద్భుతంగా ఉంది, రెండు రోజులు సంబరపడ్డా. తర్వాత నాళికలో పెట్టి చూస్తే 3 డిగ్రీల తేడా ఉంది. నేను కనిపెట్టిందల్లా గాజు గోడ మందం.

3. వేడి నీళ్లను కొద్దికొద్దిగా చల్లటి నీళ్లతో మారుస్తూ 30 డిగ్రీలకు తీసుకురండి. ఇక్కడిదాకా తొందరపడినా ఫర్వాలేదు.

4. 30 నుంచి కిందికి చిన్న ఐసు ముక్కలు వేస్తూ 2 నిమిషాలకు 1 డిగ్రీ చొప్పున దించండి. ప్రతి 2 డిగ్రీలకూ 5 నిమిషాలు ఆగండి. ఆ ఆగిన సమయంలోనే నమూనా తీయాలి.

5. దించడమే తప్ప మళ్లీ పైకి పోవద్దు. పొరపాటున ఐసు ఎక్కువై 4 డిగ్రీలు ఒక్కసారిగా పడిపోతే, వేడి నీళ్లు పోసి సరిచేయొద్దు. మొదటినుంచి చేయండి. పుట్టిన స్ఫటికాలు అంత తొందరగా కరగవు, లెక్క మొత్తం పైకి జరుగుతుంది.

6. సున్నా దగ్గరికి వచ్చాక ఆపేయండి. ఐసులో ఉప్పు వేసి ఇంకా కిందికి పోవాలని ఆశపడొద్దు. నీళ్లు గడ్డకడితే మంచు స్ఫటికాలు బొట్లను నలిపేసి ఎమల్షన్‌ను విరిచేస్తాయి.

నాళికను మెల్లగా వంచి లేపండి, ఊపొద్దు. అంచు దాటి పొడుచుకొచ్చిన స్ఫటికం పక్క బొట్టు పొరను గుచ్చుతుంది, రెండూ అతుక్కుంటాయి. సల్ల చేసేటప్పుడు మీగడలో చల్లటి నీళ్లు పోసి కవ్వంతో చిలికితే వెన్న తేలేది ఇందుకే. ఎండాకాలం నీళ్లు చల్లగా లేకపోతే వెన్న పడదని ఇంట్లో పెద్దవాళ్లకు తెలుసు. అక్కడ కావాల్సింది వెన్న. ఇక్కడ వెన్న పడితే ప్రయోగం పోయినట్టే.

## 7. స్లైడు మీద చూడటం, లెక్కపెట్టడం

స్లైడు, కవర్ స్లిప్పు, డ్రాపర్ మూడూ నమూనా ఉన్న ఉష్ణోగ్రతకు దగ్గరగా ఉండాలి. ప్లాస్టిక్ సంచిలో చుట్టి అదే గిన్నెలో ముంచి పెట్టుకుంటే చాలు. వెచ్చని స్లైడు స్ఫటికాలను కరిగిస్తుంది. ఐసు మీద పెట్టిన స్లైడు లేని స్ఫటికాలను పుట్టిస్తుంది. రెండో తప్పు ఎక్కువ ప్రమాదం, ఎందుకంటే ఫలితం బాగా వచ్చినట్టు కనిపిస్తుంది.

ప్రతి నాళికకూ వేరే డ్రాపర్. గడ్డకట్టిన నమూనాను తాకిన డ్రాపర్‌ను ద్రవంగా ఉన్నదాంట్లో ముంచితే, మీ చేత్తో మీరే తోడు వేసినట్టు.

చూడాల్సిన తీరు:

– ముందు 40 డిగ్రీల నమూనాను ఒకసారి చూడండి. గుండ్రటి బొట్ల అంచున మసక వెలుగు కొంత కనిపిస్తుంది. అది వంపు వల్ల వచ్చేది, స్ఫటికం కాదు. ఎంత మసకగా ఉంటుందో గుర్తుపెట్టుకోండి.
– స్ఫటికం ఉన్న బొట్టు అంతకంటే స్పష్టంగా, ముక్కలు ముక్కలుగా మెరుస్తుంది. స్టేజీని తిప్పితే మెరుపు మారుతుంది.
– పొడవాటి దారంలా మెరిసేది దుమ్ము లేదా దూది పోగు. దాన్ని లెక్కలోకి తీసుకోవద్దు.
– కవర్ స్లిప్పు కింద డబుల్ టేపు వాడితే అది కూడా మెరుస్తుంది. వేసలీన్‌తో అంచు మూయొద్దు, అది నూనెలో కలుస్తుంది.

ఒక్కో నమూనాలో 200 బొట్లు లెక్కపెట్టి, మెరిసేవి ఎన్నో రాయండి. నిమిషం, నిమిషంన్నరలో అయ్యేది కాదు కాబట్టి వెంటనే ఫోన్‌తో ఫోటోలు తీసుకుని తర్వాత తీరిగ్గా లెక్కపెట్టండి. 200లో 100 మెరిస్తే 3.5 శాతం అటూ ఇటూ కావడం సహజం. 48 శాతానికీ 51 శాతానికీ మధ్య తేడా ఉందని వాదించకండి.

ఒక వైపు ఉష్ణోగ్రత, ఇంకో వైపు మెరిసిన బొట్ల శాతం వేసి గీత గీయండి. 50 శాతం దాటే ఉష్ణోగ్రతే మీ నాళిక గుర్తు. దాన్నీ కరిగే 24–25 డిగ్రీలనూ పక్కపక్కన పెట్టండి. ఆ మధ్య దూరమే అతిశీతలీకరణ. తిరిగి వేడి చేసినప్పుడు కరిగే ఉష్ణోగ్రత నాలుగు నాళికల్లోనూ పెద్దగా మారదు. మారేది గడ్డకట్టేది మాత్రమే. ఎక్కువగా మారితే మీ థర్మామీటరో స్లైడో అబద్ధం చెబుతోంది.

## 8. అంచునే పుట్టిందని ఎలా చెప్పాలి

పిల్లలు ఇక్కడే తప్పటడుగు వేస్తారు. బొట్టు అంచున సూదిలాంటి స్ఫటికం కనిపించిన ఫోటో పెట్టి "అంచునే పుట్టింది" అని రాస్తారు. ఆ ఫోటో చాలదు. కారణాలు రెండు.

మొదటిది, బొట్టు గోళం. మధ్యలో కనిపించే స్ఫటికం గోళం పైముఖం మీద ఉండొచ్చు. అదీ అంచే కదా. రెండోది, లోపల పుట్టిన స్ఫటికం కూడా తర్వాత అంచుకు చేరి అక్కడ అతుక్కోవచ్చు. ఇప్పుడు ఎక్కడుందో చూసి ఎక్కడ పుట్టిందో చెప్పలేం.

కొంచెం నమ్మదగిన దారి సైజు లెక్క. ఒకే స్లైడులో 10 మైక్రాన్ల బొట్లనూ 20 మైక్రాన్ల బొట్లనూ విడిగా లెక్కపెట్టండి. వ్యాసం రెట్టింపైతే ఉపరితలం 4 రెట్లు, ఘనపరిమాణం 8 రెట్లు అవుతుంది. 10 మైక్రాన్ల వాటిలో 20 శాతం గడ్డకట్టాయనుకోండి, అంటే 0.8 వంతు ద్రవంగా మిగిలాయి. బీజం అంచున పడుతుంటే 20 మైక్రాన్ల వాటిలో 0.8ని నాలుగుసార్లు గుణించినంత, అంటే 0.41 వంతు ద్రవంగా మిగలాలి. 59 శాతం మెరుస్తాయి. బీజం లోపల ఎక్కడైనా పడుతుంటే ఎనిమిదిసార్లు గుణించాలి. 0.17 వంతు మిగులుతుంది, 83 శాతం మెరుస్తాయి.

59, 83 మధ్య తేడాను 200 బొట్ల లెక్కతో పట్టుకోవచ్చు. మీ అంకె 60 దగ్గర వచ్చి, ట్వీన్ 60, ట్వీన్ 80 నాళికల మధ్య తేడా కూడా స్పష్టంగా ఉంటే అప్పుడు అంచు పేరు ధైర్యంగా రాయండి. 70 వస్తే? రెండూ కలిసి జరుగుతున్నాయేమో. నూనెను మరోసారి వడపోసి చేయండి. నూనెలో కలిసిపోయిన నలుసుల సంఖ్య కూడా ఘనపరిమాణంతోనే పెరుగుతుంది కాబట్టి 83 వైపు లాగేది చాలావరకు మురికే.

## 9. తేడా కొడితే ఏం చూడాలి

అన్ని ఎమల్షన్లూ ఉత్త నూనెతోపాటే గడ్డకట్టాయి. 60 డిగ్రీల దగ్గర సరిగా కరిగించలేదు, లేదా బొట్లు మరీ పెద్దవి.

ఏ బొట్టూ మెరవలేదు. పోలరాయిడ్ జరిగిందేమో చూడండి. సరిగానే ఉంటే నాళికను సున్నా దగ్గర రాత్రంతా ఐసు డబ్బాలో ఉంచి పొద్దున చూడండి. బీజం పడటానికి చలి ఒక్కటే చాలదు, సమయం కూడా కావాలి.

నిన్నటికీ ఇవాళ్టికీ 2 డిగ్రీల తేడా వచ్చింది. చల్లార్చిన వేగం రాసుకున్నారా? వేగంగా దించితే స్ఫటికాలు తక్కువ ఉష్ణోగ్రత దగ్గర కనిపిస్తాయి. యూనివర్సిటీలో డీఎస్‌సీ యంత్రం (నమూనాను చల్లారుస్తూ అది వదిలే వేడిని కొలిచేది) మీద చేసిన అంకె మీ గిన్నె అంకెతో కలవకపోవడానికి కూడా చాలాసార్లు ఇదే కారణం.

ఉదయం ద్రవంగా ఉన్న బొట్లు, సాయంత్రానికి అదే ఉష్ణోగ్రత దగ్గర గడ్డకట్టాయి. తప్పు కాకపోవచ్చు. గడ్డకట్టిన బొట్టు ద్రవపు బొట్టును ఢీకొన్నప్పుడు స్ఫటికం కొస దాని అంచును తాకి తోడు వేయగలదు. ఈ ఢీ నిజంగా జరుగుతోందో లేదో చూడాలంటే పూర్తిగా గడ్డకట్టిన ఎమల్షన్‌లో సగం, ద్రవంగా ఉన్నదాంట్లో సగం ఒకే ఉష్ణోగ్రత దగ్గర కలిపి గంటగంటకూ లెక్కపెట్టండి. పక్కనే కలపని ద్రవ నాళిక కూడా ఉంచండి. పీజీ వాళ్లకు ఇదొక్కటే మంచి ప్రాజెక్టు.

## 10. మొదలుపెట్టే ముందు టిక్కు పెట్టుకోండి

☐ థర్మామీటర్ల తేడా రాసుకున్నా
☐ నూనె వేడిగా వడపోశా
☐ సిరంజిలు కడిగి ఆరబెట్టా
☐ నాళికలు 60 డిగ్రీల దగ్గర 10 నిమిషాలు ఉన్నాయి
☐ ఖాళీ స్లైడుతో చూస్తే మొత్తం నల్లగా ఉంది
☐ 40 డిగ్రీల నమూనా ఫోటో తీశా
☐ నాళికకో డ్రాపర్, మీద పేరు రాశా
☐ ఐసు చిన్న ముక్కలుగా కొట్టి, కరెంటు పోయినా కరగకుండా థర్మోకోల్ డబ్బాలో పెట్టా

పనయ్యాక మిగిలిన ఎమల్షన్‌ను సింకులో పోయకండి. చలికాలంలో పైపులో నూనె గడ్డకట్టి దిగదు. పాత న్యూస్‌పేపరులో పీల్చి చెత్తలో వేయండి. ట్వీన్ 60 డబ్బా మూత గట్టిగా బిగించి, తెరిచిన తారీఖు దాని మీద రాయండి.